అర్థం ఒకటే అనిపించే ఇంగ్లీషు మాటల్లో సరైనదాన్ని ఎంచుకోవడం ఎలా?

'స్టీల్' అన్నా 'రాబ్' అన్నా దొంగతనమే కదా, 'రిమెంబర్' అన్నా 'రిమైండ్' అన్నా గుర్తే కదా, మరి ఒకదాని బదులు ఇంకొకటి రాస్తే తప్పెందుకవుతుందని చాలామంది అడుగుతుంటారు. నిఘంటువు తెరిస్తే రెండింటి ఎదురుగానూ ఒకే తెలుగు మాట ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇలాంటి మాటల తేడాని అర్థంలోనే వెతుకుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. మాట తరువాత వాక్యం ఎలా నడుస్తుంది, పక్కన ఏ మాటలు ఇముడుతాయి, ఎవరితో అనొచ్చు, ఈ మూడూ చూస్తే చాలా సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి. కింద ఇచ్చిన వరసలోనే వెళ్ళండి. వరస తప్పితే పని పెరుగుతుంది.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

లర్నర్స్ డిక్షనరీ ఒకటి. ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్, కేంబ్రిడ్జ్, కాలిన్స్ కోబిల్డ్, వీటిలో ఏదో ఒకటి చాలు. నాలుగూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. మామూలు పెద్ద నిఘంటువు కాదు, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం తయారుచేసినదే కావాలి. ఆ నామవాచకాన్ని లెక్కపెట్టొచ్చా లేదా, ఆ క్రియకి కర్మ కావాలా, ఆ మాట కాగితాల భాషా కబుర్ల భాషా అన్నవి అందులో గుర్తులతో ఉంటాయి. కోబిల్డ్ అయితే అర్థాన్నే పూర్తి వాక్యంగా ఇస్తుంది. ఆ వాక్యాన్ని చూస్తేనే వాడుక సగం తెలిసిపోతుంది.

కార్పస్ ఒకటి. కార్పస్ అంటే పుస్తకాలు, పత్రికలు, మాటలు అన్నీ పోగేసి వెతకడానికి వీలుగా పెట్టిన రాశి. 'కోకా' అని పిలిచే అమెరికన్ ఇంగ్లీషు కార్పస్‌లో 1990 నుంచి 2019 దాకా పోగేసిన 100 కోట్లకు పైగా పదాలున్నాయి. ఖాతా తెరిస్తే ఉచితంగా వెతుక్కోవచ్చు, రోజుకి ఇన్ని సార్లని పరిమితి ఉంటుంది.

నోటుపుస్తకం. ఫోన్‌లో ఫైలైనా సరే.

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుని అటకెక్కించనక్కర్లేదు. చదివేటప్పుడు తెలియని మాట తగిలితే గబుక్కున అర్థం చెప్పేది అదే. రాసేటప్పుడు మాట ఎంచుకోవడానికి మాత్రం దాని మీద ఆధారపడకండి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. తెలుగు మాటల విషయంలో అది ఇప్పటికీ గనే, కానీ అందులోని ఇంగ్లీషు ఆనాటి ఇంగ్లీషు.

థిసారస్, అంటే దగ్గరి అర్థాలున్న మాటలన్నీ ఒకచోట ఇచ్చే పుస్తకం, దానితో ఇంకో ప్రమాదం. అది చుట్టాల పేర్లన్నీ ఒక చోట రాసి పెడుతుంది, ఎవరు మేనమామో ఎవరు బావమరిదో చెప్పదు. మరిచిపోయిన మాటని గుర్తుచేసుకోవడానికి వాడండి, కొత్త మాట తెచ్చుకోవడానికి వద్దు.

## 2. మొదటి మెట్టు: తెలుగు మాటని విప్పండి

ఇంగ్లీషు మాట కోసం వెతకబోయే ముందు, మనసులో ఉన్న తెలుగు మాట ఇక్కడ ఏం పని చేస్తోందో చూడాలి. 'గట్టిగా' తీసుకోండి.

- గట్టిగా మాట్లాడు: పెద్ద గొంతుతో. 'లౌడ్లీ'.
- గట్టిగా పట్టుకో: జారిపోకుండా. 'టైట్లీ'.
- గట్టిగా కొట్టు: బలంగా. 'హార్డ్'.
- గట్టిగా చెప్పు: ఖండితంగా, మెత్తబడకుండా. 'ఫర్మ్లీ'.

చేయాల్సిందల్లా అదే వాక్యాన్ని ఆ మాట లేకుండా, ఇంకో తెలుగు మాటతో చెప్పి చూడటమే. 'గట్టిగా' పోయి 'ఖండితంగా' వచ్చిందంటే కావలసిన ఇంగ్లీషు మాట కూడా మారిపోయినట్టే. ఈ ఒక్క పని చేసేసరికే పోటీపడే ఇంగ్లీషు మాటలు ఐదు నుంచి రెండుకి దిగుతాయి.

తెలుగువాళ్ళని ఎక్కువగా తికమక పెట్టే మాటలు కొన్ని:

కనిపెట్టు. అంతకు ముందు లేనిదాన్ని తయారుచేస్తే 'ఇన్వెంట్'. ఉన్నదాన్నే మొదటిసారి చూస్తే 'డిస్కవర్'. టెలిఫోన్ మొదటి రకం, యురేనస్ గ్రహం రెండో రకం. 'పిల్లాణ్ణి కాస్త కనిపెట్టి ఉండు' అనే కనిపెట్టడం ఈ రెండూ కాదు, 'కీప్ ఎన్ ఐ ఆన్'.

గుర్తు. నాకే గుర్తుంటే 'రిమెంబర్'. ఇంకొకరు గుర్తుచేస్తే 'రిమైండ్'. మనిషిని చూసి గుర్తుపడితే 'రికగ్నైజ్'. ఎన్నికల గుర్తు 'సింబల్'.

నీడ. ఎండ తగలని చల్లటి చోటు 'షేడ్'. నేల మీద పడే ఆకారం 'షాడో'. చెట్టు కింద కూర్చునేది షేడ్‌లో, మన వెంట నడిచేది షాడో.

ఎదురుచూడు. బస్టాపులో నిలబడి చేసేది 'వెయిట్'. వస్తుందని నమ్మకంగా అనుకోవడం 'ఎక్స్‌పెక్ట్'. వస్తే బాగుండునని కోరుకోవడం 'హోప్'. సంతోషంగా ఎదురుచూస్తే 'లుక్ ఫార్వర్డ్ టు'.

ఒంటరి. పక్కన ఎవరూ లేకపోతే 'అలోన్', అందులో బాధేమీ లేదు. తోడు లేదని దిగులుగా ఉంటే 'లోన్లీ'. పెళ్ళింట్లో వంద మంది మధ్య కూడా లోన్లీగా ఉండొచ్చు, అలోన్‌గా ఉండలేం.

మెత్తగా. దిండు మెత్తగా ఉంటే 'సాఫ్ట్'. పిండి మెత్తగా రుబ్బితే 'స్మూత్' లేదా 'ఫైన్'. వంట రాసేవాళ్ళు ఇక్కడ 'సాఫ్ట్ పేస్ట్' అని రాసేస్తుంటారు.

కొన్నిచోట్ల తెలుగే దారి చూపిస్తుంది. గాయం మానుతుంది, జబ్బు నయమవుతుంది, డాక్టరు వైద్యం చేస్తాడు. ఇంగ్లీషులోనూ అంతే: గాయం 'హీల్' అవుతుంది, జబ్బుని 'క్యూర్' చేస్తారు, డాక్టరు 'ట్రీట్' చేస్తాడు. ట్రీట్ చేసినంత మాత్రాన క్యూర్ అయినట్టు కాదు. మన వైద్యం, నయం కూడా ఒకటి కాదుగా.

## 3. రెండో మెట్టు: వాక్యం చట్రం చూడండి

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే దొరుకుతాయి, అందుకే దీన్ని తొందరపడి దాటకండి. ప్రతి క్రియకీ ఒక చట్రం ఉంటుంది. దాని పక్కన మనిషి రావాలా, విషయం రావాలా, మధ్యలో 'టు', 'ఫర్', 'అబౌట్' లాంటి చిన్న మాట కావాలా అన్నదే చట్రం. రెండు మాటల అర్థం ఒకటే అయినా చట్రాలు ఒకటి కాకపోవచ్చు.

'చెప్పు'తో మొదలుపెడదాం.

- 'టెల్' పక్కన వెంటనే మనిషి రావాలి: 'టెల్ మీ'.
- 'సే' పక్కన చెప్పిన సంగతి వస్తుంది. మనిషిని తేవాలంటే 'టు' కావాలి: 'సే ఇట్ టు మీ'.
- 'స్పీక్' పక్కన భాష పేరు రావొచ్చు: 'స్పీక్ తెలుగు'.
- 'టాక్' ఇద్దరు ముగ్గురి మధ్య కబురు.

'హి సెడ్ మీ' ఎప్పుడూ తప్పే. 'టెల్ ద ట్రూత్', 'టెల్ ఎ లై', 'టెల్ ఎ స్టోరీ', 'టెల్ ద టైమ్' మాత్రం మనిషి లేకుండా కుదిరే కట్టుబడి మాటలు. వాటిని అలాగే గుర్తుపెట్టుకోవాలి.

'ఎక్స్‌ప్లెయిన్', 'సజెస్ట్', 'డిస్క్రైబ్' మూడూ 'సే' కులమే. 'ఎక్స్‌ప్లెయిన్ మీ', 'సజెస్ట్ మీ' అని రోజూ వినిపిస్తుంది, రెండూ తప్పు. 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ', 'సజెస్ట్ ఎ గుడ్ బుక్' అనాలి. 'నాకు వివరించు' అన్నప్పుడు ఆ 'కు' మన చెవిలో ఉంటుంది కానీ చేతి దాకా రాదు.

'డిస్కస్' దీనికి తలకిందులు. తెలుగులో 'గురించి' చర్చిస్తాం కాబట్టి 'డిస్కస్ అబౌట్' అని పడిపోతుంది. డిస్కస్ పక్కన విషయం నేరుగా వస్తుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు. అబౌట్ వాడాలనే ఉంటే 'టాక్ అబౌట్' అనండి.

ఇంకొన్ని జంటలు:

- స్టీల్, రాబ్: స్టీల్ పక్కన వస్తువు, రాబ్ పక్కన మనిషి లేదా బ్యాంకు. ఫోన్‌ని స్టీల్ చేస్తారు, నన్ను రాబ్ చేస్తారు.
- ఎన్ష్యూర్, అష్యూర్: పని జరిగేలా చూసుకోవడం ఎన్ష్యూర్, పక్కన విషయం. మనిషికి భరోసా ఇవ్వడం అష్యూర్, పక్కన మనిషి.
- లెట్, అలౌ: 'లెట్ మీ గో', 'అలౌ మీ టు గో'. లెట్ దగ్గర 'టు' ఉండదు, అలౌ దగ్గర ఉండాలి.
- బారో, లెండ్: అప్పు తెచ్చుకుంటే బారో, ఇస్తే లెండ్. 'క్యాన్ యు బారో మీ యువర్ పెన్' అంటే దిశ తిరగబడినట్టే.

చట్రం ఎలా కనుక్కోవాలంటే, లర్నర్స్ డిక్షనరీలో ఆ మాట కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు మూడు చదవండి. అర్థం చదవకండి, వాక్యాలే చదవండి. మాట తరువాత వచ్చిన మొదటి రెండు మాటలు నోటుపుస్తకంలో రాసుకోండి. అదే చట్రం.

## 4. మూడో మెట్టు: జోడు కుదురుతుందా?

తెలుగులో కటిక చీకటి అంటాం, పండు వెన్నెల అంటాం. పండు చీకటి, కటిక వెన్నెల అంటే చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. ఎందుకు తప్పని అడిగితే వ్యాకరణం చెప్పేదేమీ లేదు, అనం అంతే. ఇంగ్లీషులోనూ ఇదే కథ. టీ 'స్ట్రాంగ్', వాన 'హెవీ', జ్వరం 'హై', పొగమంచు 'థిక్' లేదా 'డెన్స్'. చిక్కటి టీ కదా అని 'థిక్ టీ' అనకూడదు.

'పెద్ద' దగ్గర ఇది బాగా కనిపిస్తుంది.

- 'బిగ్': కంటికి కనిపించేవీ, రోజువారీ విషయాలూ. బిగ్ హౌస్, బిగ్ మిస్టేక్, బిగ్ డిఫరెన్స్.
- 'లార్జ్': లెక్క, పరిమాణం. లార్జ్ నంబర్, లార్జ్ అమౌంట్. 'బిగ్ అమౌంట్' రాతలో తేలిపోతుంది.
- 'గ్రేట్': మనసుకి సంబంధించినవి. గ్రేట్ ప్లెజర్, గ్రేట్ డిఫికల్టీ. మనిషికి తగిలిస్తే పొడుగూ లావూ పోయి గొప్పతనం వస్తుంది.

ఎత్తుకి రెండు మాటలు. మనిషి, చెట్టు, స్తంభం లాంటివి 'టాల్', అంటే వెడల్పు తక్కువై నిలువుగా పెరిగినవి. కొండ, గోడ, పైన ఉన్న అలమర 'హై'. 'హై మ్యాన్' అంటే పొడుగాటి మనిషి కాదు, మత్తులో తూగుతున్నాడేమో అనుకుంటారు.

నొప్పికీ ఒక ఏర్పాటుంది. తల, పన్ను, చెవి, కడుపు, నడుము పక్కన 'ఏక్' అతుక్కుని ఒకే మాటవుతుంది: హెడేక్, టూతేక్. ఛాతీ, మోకాలు, కీళ్ళ పక్కన 'పెయిన్' విడిగా వస్తుంది: చెస్ట్ పెయిన్, నీ పెయిన్.

వార్తలు రాసేవాళ్ళు చూసుకోవాల్సిన జోడు 'వూండ్', 'ఇంజురీ'. కత్తి, తూటా, బాంబు వల్ల అయితే 'వూండెడ్'. బస్సు బోల్తా పడితే 'ఇంజ్యుర్డ్'. రోడ్డు ప్రమాదం వార్తలో వూండెడ్ అని పడితే యుద్ధం వాసనొస్తుంది.

### జోడుని పరీక్షించే పద్ధతి

1. రెండు జోళ్ళూ రాసుకోండి: 'స్ట్రాంగ్ రెయిన్', 'హెవీ రెయిన్'.
2. కోకాలో ఒక్కోటీ వేసి, ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. తేడా పదింతలు ఉంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు.
3. తేడా కొద్దిగానే ఉంటే వాక్యాలు తెరిచి చదవండి. ఒకటి వార్తల్లో, ఇంకొకటి కథల్లో వస్తూ ఉండొచ్చు.
4. ఖాతా గొడవ వద్దనుకుంటే గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్‌లో రెండు జోళ్ళనీ కామాతో విడదీసి వెయ్యండి. అచ్చయిన పుస్తకాల్లో ఏది ఎక్కువో గీత రూపంలో వస్తుంది.

మామూలు గూగుల్ వెతుకులాటలో 'ఇన్ని లక్షల ఫలితాలు' అన్న అంకె కనబడితే నమ్మకండి, అది ఉజ్జాయింపు. జోడుని కొటేషన్ గుర్తుల్లో పెట్టి వెతికి, మొదటి పది ఫలితాలు ఎవరు రాసినవో చూడటం మేలు. అన్నీ సరుకులమ్మే సైట్ల నుంచే వస్తే ఆ జోడు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

## 5. నాలుగో మెట్టు: లెక్కపెట్టొచ్చా?

ఇది చిన్న మెట్టే, కానీ మార్కులు పోయేది ఇక్కడే. ఇసుకని 'మూడు ఇసుకలు' అనం. ఇంగ్లీషులో 'లగేజ్', 'అడ్వైస్', 'వర్క్', 'ఎక్విప్‌మెంట్', 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్' ఇసుక లాంటివి. వీటి చివర 'స్' చేరదు, ముందు 'ఎ' రాదు.

లెక్క కావలసినప్పుడు ప్రతిదానికీ పక్కనే లెక్కపెట్టగలిగే చుట్టం ఉంటుంది: లగేజ్‌కి 'బ్యాగ్', అడ్వైస్‌కి 'సజెషన్', వర్క్‌కి 'జాబ్' లేదా 'టాస్క్', ఎక్విప్‌మెంట్‌కి 'టూల్' లేదా 'మెషీన్'. 'ఐ హావ్ టూ వర్క్స్ టుడే' అనిపిస్తే 'టూ థింగ్స్ టు డూ' అనండి, గొడవ వదిలిపోతుంది.

## 6. ఐదో మెట్టు: తూకం సరిపోయిందా?

ఇంట్లో నీళ్ళు తాగుతాం, పూజలో జలం చల్లుకుంటాం. అడగడం, ప్రశ్నించడం, విచారించడం ఒక మెట్టు మీద ఒక మెట్టు. ఇంగ్లీషులోనూ అచ్చంగా ఇదే అమరిక: 'ఆస్క్', 'క్వశ్చన్', 'ఇంటరాగేట్'. పొట్టి మాట ఇంటిది, మధ్యది ఫ్రెంచి దారిన వచ్చింది, పొడుగుది లాటిన్‌ది. మూడో మెట్టు ఎక్కితే పోలీస్ స్టేషన్ కనిపిస్తుంది. తత్సమం ఎక్కడ బరువెక్కుతుందో చెవితోనే పసిగట్టగలిగే తెలుగువాళ్ళకి ఈ మెట్టు మిగతా వాటికంటే తేలిక.

- 'స్టార్ట్', 'బిగిన్': చాలాచోట్ల ఏదైనా ఒకటే. బండిని, యంత్రాన్ని మాత్రం స్టార్ట్ చేస్తారు, బిగిన్ చెయ్యరు.
- 'కమెన్స్': ఒప్పందాలు, ఆహ్వానాలు, నోటిఫికేషన్లు. పుట్టినరోజు పార్టీకి వద్దు.
- 'బై', 'పర్చేజ్': కూరగాయలు బై, భూమి దస్తావేజులో పర్చేజ్.
- 'యూజ్', 'యుటిలైజ్': యూజ్ చాలు. నూటికి నూరుపాళ్ళు అనను గానీ, యుటిలైజ్ రాసిన చాలాచోట్ల యూజ్ అన్నదే చక్కగా కూర్చుంటుంది.

ఐఎల్‌టీఎస్ రాసే పిల్లలు ఈ మెట్టు దగ్గరే జారుతున్నారు. రైటింగ్‌లో పదసంపదకి నాలుగో వంతు, అంటే 25 శాతం బరువుంది. అందుకని 'మెనీ' ఉన్న ప్రతిచోటా 'ప్లెథొరా' దింపేస్తారు. ప్లెథొరాలో మోతాదు మించిందన్న ధ్వని ఉంటుంది. మోతాదు మించనిచోట అది వేస్తే చూసేవాళ్ళకి మొదట కనిపించేది పదసంపద కాదు, ఆ అతుకే. ఆ బరువు సరిగ్గా వాడిన మాటకే గానీ పెద్ద మాటకి కాదు.

ఈమెయిల్‌లో 'ఎక్స్‌పెక్ట్' దగ్గర జాగ్రత్త. 'ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై బై మండే' అంటే పైఅధికారి హుకుంలా ఉంటుంది. క్లయింటుకి రాసేటప్పుడు 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు' అనండి. ఆ 'టు' తరువాత 'హియర్' కాదు, 'హియరింగ్' రావాలి.

## 7. ఆరో మెట్టు: మెచ్చుకోలా, దెప్పా?

మనవాడు వెనక్కి తగ్గకపోతే పట్టుదల, ఎదుటివాడైతే మొండితనం. పని ఒకటే, చూసే కన్ను వేరు. ఇంగ్లీషులో అవి 'పర్సిస్టెంట్', 'స్టబర్న్'. మధ్యలో ఎటూ మొగ్గకుండా 'ఫర్మ్' ఉంది.

సన్నటి మనిషి గురించి చెప్పాలనుకోండి. తెలుగులో మాట మారితే ఎలా ఉంటుందో చూసి, పక్కన ఇంగ్లీషు మాట పెట్టుకోండి.

- నాజూగ్గా ఉంది: 'స్లెండర్', 'స్లిమ్'. మెచ్చుకోలు.
- సన్నగా ఉన్నాడు: 'థిన్'. ఉన్నమాట, కాస్త దిగులు కూడా ఉండొచ్చు.
- కండ పట్టి, కొవ్వు లేకుండా ఉన్నాడు: 'లీన్'. ఆటగాళ్ళకి సరిపోతుంది.
- బక్కపలచగా ఉన్నాడు: 'స్కిన్నీ'. చనువున్నచోట సరే, కొత్తవాళ్ళని అంటే దెప్పినట్టే.
- చిక్కి శల్యమయ్యాడు: 'ఎమేసియేటెడ్'. జబ్బో ఆకలో ఉందన్నమాట.

సరుకు ధర గురించి రాసేటప్పుడూ ఇంతే. 'చీప్' అంటే చవక, నాసిరకం రెండూ ధ్వనిస్తాయి. షాపు బోర్డు మీద 'అఫర్డబుల్' కానీ 'ఇనెక్స్‌పెన్సివ్' కానీ పెట్టాలి. మనిషిని చీప్ అంటే పిసినారి అనో నీచుడు అనో అవుతుంది.

'ఫేమస్', 'నొటోరియస్' రెండూ పేరు మోసినవారే. రెండోవాడి పేరు పోలీసులకి కూడా తెలుసు.

## 8. ఏడో మెట్టు: చదివేది ఏ దేశం వాళ్ళు?

మన దగ్గర హాయిగా నడిచే కొన్ని మాటలు సరిహద్దు దాటితే వేరే అర్థం ఇస్తాయి. అవి మన ఇంగ్లీషులో తప్పని కాదు, అక్కడివాళ్ళకి అందవు, అంతే. బయటి దేశాల వాళ్ళకి రాసేటప్పుడు వీటిని మార్చుకోండి.

- 'ఐ హావ్ ఎ డౌట్': ప్రశ్న ఉందని మన భావం. వాళ్ళకి 'మీ మాట నమ్మడం లేదు' అని వినబడుతుంది. 'క్వశ్చన్' అనండి.
- 'ప్లీజ్ ఇంటిమేట్ మీ': తెలియజేయండని మన ఆఫీసు మాట. బయట ఇంటిమేట్ అంటే మొదట తోచేది సాన్నిహిత్యం. 'ఇన్ఫామ్ మీ' లేదా 'లెట్ మీ నో' మంచిది.
- 'పాస్డ్ అవుట్ ఇన్ 2019': చదువు పూర్తయిందని మనం. సొమ్మసిల్లి పడిపోయాడని వాళ్ళు. 'గ్రాడ్యుయేటెడ్' అనండి.
- 'అవుట్ ఆఫ్ స్టేషన్': 'అవుట్ ఆఫ్ టౌన్'.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలు ఇంకా మోసం చేస్తాయి, అవి ఇంగ్లీషే కదా అని అనుమానం రాదు కాబట్టి. మనం ఇడ్లీ తినడానికి వెళ్ళే 'హోటల్' ఇంగ్లీషులో 'రెస్టరెంట్', హోటల్ అంటే బస చేసేది. మన 'ఫంక్షన్' అక్కడ 'సెరిమనీ', 'రిసెప్షన్', 'పార్టీ'ల్లో ఏదో ఒకటి. మన 'టెన్షన్' చాలాసార్లు 'వరీ', 'స్ట్రెస్'. లైటు 'ఆఫ్' చేస్తాం, 'క్లోజ్' చెయ్యం. కుళాయి 'ఓపెన్' చెయ్యం, 'టర్న్ ఆన్' చేస్తాం.

## 9. ఒక వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం

తెలుగు వాక్యం: *నిన్న రాత్రి మేం ఊళ్ళో లేనప్పుడు మా ఇంట్లో దొంగలు పడి 50 గ్రాముల బంగారం ఎత్తుకుపోయారు.*

విప్పడం. ఇంట్లో ఎవరూ లేరు. తాళం పగలగొట్టారు. ఎవర్నీ కొట్టలేదు, బెదిరించలేదు. వస్తువు పోయింది.

మాటల ఎంపిక. చేతిలో ఉన్నవి 'థెఫ్ట్', 'రాబరీ', 'బర్గ్లరీ', 'లూట్'. రాబరీలో బలప్రయోగమో భయపెట్టడమో ఉండాలి. ఇది మాటల ముచ్చటే కాదు, చట్టంలోనూ అంతే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం సెక్షన్ 303, రాబరీ సెక్షన్ 309. తాళం వేసిన ఇంట్లో ఎవరూ లేనప్పుడు జరిగినదాన్ని రాబరీ అని రాస్తే విషయమే మారిపోతుంది. లూట్ మన దేశం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళిన మాట, కానీ అక్కడ దానికి అల్లర్లు, యుద్ధం, గుంపు తోడుంటాయి. అది కూడా పక్కకి. బర్గ్లరీ, అంటే దొంగతనానికి ఇంట్లో చొరబడటం, అర్థానికి సరిపోతుంది, అయితే మన చట్టం వాడే మాట 'హౌస్‌బ్రేకింగ్'.

చట్రం. 'గోల్డ్ వాజ్ రాబ్డ్' తప్పు, రాబ్ పక్కన మనిషో బ్యాంకో ఉండాలి. 'అవర్ హౌస్ వాజ్ స్టోలెన్' అంటే ఇంటినే పెకలించుకుపోయినట్టు. వస్తువుకి స్టీల్, ఇంటికి 'బ్రేక్ ఇంటు'.

దేశం. బ్రిటిష్ వాళ్ళు ఇంటిని 'బర్గల్' చేశారంటారు, అమెరికన్లు 'బర్గ్లరైజ్' అంటారు. 'బ్రేక్ ఇంటు' ఎక్కడైనా నడుస్తుంది.

తేలిన వాక్యం. 'అవర్ హౌస్ వాజ్ బ్రోకెన్ ఇంటు లాస్ట్ నైట్ వైల్ వి వర్ అవే, అండ్ 50 గ్రామ్స్ ఆఫ్ గోల్డ్ వాజ్ స్టోలెన్.' పోలీసులకిచ్చే కాగితమైతే పైన విషయం దగ్గర 'థెఫ్ట్' అని పెట్టండి, ఏ సెక్షన్ వెయ్యాలో వాళ్ళు చూసుకుంటారు.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

ఒకే మాట రెండుసార్లు రాకూడదని మార్చెయ్యడం. కథలో ఫర్వాలేదు. ఒప్పందంలో, వాడుక సూచనల్లో ప్రమాదం. పైన 'ఫీ' అని, కింద 'చార్జ్' అని రాస్తే చదివేవాడు రెండు వేర్వేరు చెల్లింపులనుకుంటాడు. అలాంటి కాగితాల్లో ఒకే మాటని పదిసార్లయినా వాడండి.

జంటని ఒకే రోజు బట్టీ పట్టడం. 'బారో, లెండ్' పక్కపక్కన చదివితే వారం తరువాత ఏది ఏదో కలిసిపోతుంది. ఒకదాన్ని వాక్యాలతో సహా స్థిరపరుచుకుని, కొన్ని రోజులాగి రెండోది పట్టుకోండి.

వ్యతిరేక పదం చూడకపోవడం. తేడా ఎంతకీ తెగనప్పుడు దీన్ని ప్రయోగించండి. 'హార్డ్'కి వ్యతిరేకం 'సాఫ్ట్' కూడా, 'ఈజీ' కూడా. 'డిఫికల్ట్'కి 'ఈజీ' ఒక్కటే. కాబట్టి రాయి హార్డ్ అవుతుంది, డిఫికల్ట్ అవదు. పరీక్ష రెండూ అవుతుంది.

క్రియ మార్చి, వెనక ఉన్న చిన్న మాటని అలాగే ఉంచడం. 'వెయిట్ ఫర్'ని 'ఎక్స్‌పెక్ట్'గా మార్చినప్పుడు 'ఫర్' కూడా తీసెయ్యాలి. మాట మార్చిన ప్రతిసారీ దాని తరువాతి రెండు మాటల్ని మళ్ళీ చూడండి.

## 11. నోటుపుస్తకంలో ఎలా రాసుకోవాలి

ఇంగ్లీషు మాట, ఎదురుగా తెలుగు అర్థం అని రెండు గళ్ళు పెట్టకండి. మొదటికే వచ్చినట్టవుతుంది. పేజీ పైన తెలుగు మాట రాయండి, దాని కింద ఇంగ్లీషు మాటలు. ఒక్కోదానికీ నాలుగు ముక్కలు: చట్రం, రెండు జోళ్ళు, తూకం, సొంత వాక్యం ఒకటి. నమూనా:

> గుర్తు
> రిమైండ్: పక్కన మనిషి + 'టు'. 'రిమైండ్ మీ టు కాల్ అమ్మ.' మామూలు మాట. 'ద స్మెల్ రిమైండ్స్ మీ ఆఫ్ అవర్ విలేజ్' అన్నప్పుడు 'ఆఫ్'.
> రిమెంబర్: 'టు' వస్తే చేయాల్సిన పని, 'ఇంగ్' వస్తే చేసేసిన పని. 'రిమెంబర్ టు లాక్ ద డోర్', 'ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్'.

## 12. పంపే ముందు చూసుకునే జాబితా

- [ ] నా తెలుగు మాటని ఇంకో తెలుగు మాటతో విప్పానా?
- [ ] ఎంచుకున్న మాట తరువాత మనిషి రావాలా, విషయం రావాలా?
- [ ] 'టు', 'ఫర్', 'అబౌట్' అవసరమైనచోటే ఉన్నాయా?
- [ ] పక్క మాటతో జోడు కుదిరిందా, అనుమానముంటే కార్పస్‌లో చూశానా?
- [ ] లెక్కపెట్టలేని మాటకి 'స్' తగిలించానా?
- [ ] చదివే మనిషికి ఇది హుకుంలానో దెప్పినట్టో అనిపిస్తుందా?
- [ ] మన దగ్గర తప్ప బయట తెలియని వాడుక ఏమైనా ఉందా?
- [ ] ఇవన్నీ చూశాక కూడా రెండు మాటలూ సరిపోతుంటే, పొట్టిదాన్ని ఉంచానా?